లేని గాడిద నమిలిన క్యారెట్లు

ఆ మంగళవారం పొద్దున నూర్మత్ ఉస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారు నమాజు అయ్యాక, భార్య తోజీఖాన్ తందూరు రాజేసే వేళ చూసుకుని, చలికాలానికి క్యారెట్లు దాచుకునే ఇసుక గోతిలోంచి మూడు పసుపు క్యారెట్లు తీసి, కోటు జేబులో వేసుకుని, పెరట్లోని గాడిద పాకలో దూరి, తలుపు దగ్గరికి వేసి, ఎవరి కంటా పడకుండా తినేసి రావాలి. అంతే. ఇంత చిన్న పథకం మర్గిలాన్ ఊళ్లో ఒక పేట మొత్తానికి రెండు వారాలు నిద్ర లేకుండా చేస్తుందని తెలిస్తే, ఆయన ఆ క్యారెట్లు మూడూ పట్టుకెళ్లి భార్యకిచ్చి, చారులో వేసేయమని చెప్పి ఊరుకునేవాడు.

పాకలో గాడిద లేదు. రెండేళ్ల కిందట, చెర్రీలు పండే నెలలో, మోకాళ్లు మొరాయించి ఎక్కడం దిగడం కుదరక, దాన్ని యాజ్యావాన్ ఊరి ఖుద్రత్‌కి అమ్మేశాడు. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు. ఉస్తాకీ తెలుసు. అప్పటికి ఇంకా తెలుసు.

నలభై ఏళ్లుగా మా పేటలో పెళ్లయినా, సున్తీ విందయినా, పోయినవాళ్ల పేరు మీద భోజనమైనా పలావు వండే చెయ్యి ఆయనదే, అందుకే ఆయన ఉస్తా, పనిలో గురువు. ఆయన బాణలి ఎంత పెద్దదంటే, ఒకసారి కడగడానికి అందులోకి దిగిన ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఎదురుపడకుండానే పని ముగించుకుని బయటికొచ్చారు. చూసినవాళ్లు పోయారు గాని, ఆ ఇద్దరిలో ఒకడు ఇంకా బతికే ఉన్నాడు. ఇక ఆయన చేతిలోని చిల్లుల గరిటె పొడవు గడపారంత. ఆ గరిటె ఎవరి చేతిలో ఉంటే పేటలో వాడి మాటకి విలువ.

అలాంటి మనిషికి నవ్రోజ్ అనే కొత్త సంవత్సరం పండగనాడు బాణలి ముందు ఒక క్షణం గడిచింది. గుప్పిట్లో ఉప్పు ఉంది. వేయబోతున్నాడో, వేసి ఇంకో గుప్పెడు తీశాడో గుర్తు రాలేదు. ఎంత తడుముకున్నా ఆ చోట బుర్రలో ఏమీ లేదు, తుడిచిపెట్టిన పలకలా ఉంది. రుచి చూస్తే ఉప్పు సరిపోయింది. పలావు బాగుందని మూడొందల మంది గడ్డాలు తడిమారు. ఆయనకి మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు.

ఎందుకంటే ఆయన గురువు సాబిర్ ఉస్తా కూడా అలాగే మొదలుపెట్టాడు. ముందు ఉప్పు మరిచాడు, తర్వాత బియ్యం రెండుసార్లు పోశాడు, ఆపైన ఒకనాడు ఎవరి పెళ్లికి వండుతున్నాడో పెళ్లికొడుకునే అడిగాడు. అప్పుడు ఆ గరిటెని ఆయన చేతిలోంచి మెల్లగా లాక్కున్నది నూర్మతే. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ ముసలాయన ఎక్కడ కూచున్నా కుడిచేతి వేళ్లు వంచి, ఏదో పట్టుకున్నట్టే పెట్టుకునేవాడు. నూర్మత్ ఉస్తాకి ఇప్పుడు కళ్లు మూస్తే ఆ వేళ్లే కనిపిస్తున్నాయి.

చెప్పాపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ ఒక చిన్నవయసు డాక్టరమ్మ రక్తపోటు చూసింది, నెలల పేర్లు వెనక్కి చెప్పమంది, చెప్పాడు.

"ఉప్పు వేశానో లేదో మరిచిపోయానమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"నేను పొద్దున ఇంటికి తాళం వేశానో లేదో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను తాతా."

"మీ ఇంటికి మూడొందల మంది భోజనానికి వస్తారా?"

డాక్టరమ్మ నవ్వింది. "కంటినిండా నిద్రపోండి, నడవండి, కూరగాయలు తినండి. క్యారెట్‌లో మెదడుకి మంచి చేసేదేదో ఉందేమోనని చూస్తున్నారు. అది పెడితే ముసలి ఎలుకలు దారి మరిచిపోకుండా తిరిగాయట. అయితే మనుషుల సంగతి ఇంకా తేలలేదు, మందు అనుకుని..."

నూర్మత్ ఉస్తా ముసలి ఎలుకల దాకా విన్నాడు. మిగతాది వినేలోపల గుమ్మం దాటేశాడు.

తినడంలో కష్టం లేదు. కనబడకుండా తినడంలోనే ఉంది. జీవితమంతా క్యారెట్ తరిగిన మనిషి ఉన్నట్టుండి పచ్చి క్యారెట్ కొరుకుతుంటే తోజీఖాన్ ఎందుకని అడుగుతుంది. చెబితే అది రహస్యంగానే ఉంచుతుంది, తన ఆడపడుచు రిసోలత్‌కి తప్ప ఇంకెవరికీ చెప్పదు. ఇరవై రోజుల్లో తుర్సునాలి మనవడి సున్తీ విందు ఉంది. ఈలోగా మాట బయటపడితే గరిటె దక్కదు. శిష్యుడు ఎర్గష్ పదిహేనేళ్లుగా వెనకే నిలబడి ఉన్నాడు. అందుకని గాడిద పాక.

నాలుగు రోజులు సజావుగా నడిచింది. ఐదో రోజు తోజీఖాన్ ఇసుక గోతిలో చెయ్యి పెట్టి, క్యారెట్లు తగ్గాయని గమనించి, మర్నాడు మొగుడి వెనకే పిల్లిలా నడిచి పాక తలుపు దగ్గర నిలబడింది.

లోపల కరకరమని నమిలే చప్పుడు. ఆ వెంటనే మొగుడి గొంతు: "తిను, తిను. ఇంకోటుంది. నమలడానికి ఏడుపెందుకు? ఇది తింటేనే నీకు మతి నిలిచేది, మొద్దూ!"

ఉస్తాకి ఒంటరిగా ఉన్నప్పుడు తనని తాను తిట్టుకోవడం అలవాటు. ఆ సంగతి తోజీఖాన్‌కి తెలీదు. ఎందుకంటే ఆమె ఇంట్లో ఉండగా ఆయనకి ఆ అవసరం రాలేదు.

అమ్మేసిన గాడిదకి ఈయన మేత పెడుతున్నాడన్నది ఆమె మొదటి భయం. ఆ భయం సగం దిగాక రెండోది తట్టింది. గాడిద లేదు సరే, మరి నములుతున్నదెవరు? తలుపు సందులోంచి చూడాలంటే ధైర్యం చాల్లేదు. దేవుడి పేరు మూడుసార్లు అనుకుని, మూడు ఊళ్లు తరిమినట్టు పరుగెత్తి రిసోలత్ ఇంట్లో పడింది.

"వదినా, ఏమైంది? మొహం సున్నం కొట్టినట్టుంది!"

"మీ అన్నయ్య గాడిదకి మేత పెడుతున్నారు."

"ఏ గాడిదకి?"

"అదే నేనూ అడుగుతున్నా!"

ఒట్టు వేయించుకున్నాక తోజీఖాన్ అంతా చెప్పింది. రిసోలత్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు, రొట్టెల కోసం తన దగ్గరికి వచ్చేవాళ్లకి తప్ప. పేటలో రొట్టెలు కాల్చి అమ్మేది ఆమె ఒక్కతే.

సాయంత్రానికి మాట పేట పెద్ద మాదమిన్ దగ్గరికి చేరింది. తెల్లగడ్డం బొడ్డుదాకా ఉన్న మనిషి. విన్నాడు, గడ్డం దువ్వుకున్నాడు. "మతి తప్పుతున్నవాడికి ఎదురు చెప్పకూడదు. గోడ మీద నడిచేవాణ్ని కేకేసి పిలిచినట్టవుతుంది. గాడిద ఉన్నట్టే మాట్లాడండి."

"ఉందని ఆయన ఒక్కసారీ అనలేదు పెద్దాయనా," అంది తోజీఖాన్ కళ్లొత్తుకుంటూ.

"అనకుండా దాస్తున్నాడంటే ముదిరిందన్నమాటే."

వేరే ఊళ్లో అయితే ఎవరో ఒకరు తిన్నగా వెళ్లి, "ఏం ఉస్తా, పాకలో ఏం చేస్తున్నావు?" అని అడిగేవాడు, కథ అక్కడితో అయిపోయేది. మా పేటలో పెద్దవాళ్ల మొహం మీద అలాంటి మాట అడగరు. మొహమాటంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. ఒకసారి ఇల్లు అంటుకుంటే, ఆ ఇంటి ముసలాయన నిద్రలో ఉన్నాడని గుమ్మం ముందు నిలబడి దగ్గి, లేపకుండానే మంటలార్పిన మనుషులం.

మర్నాడు టీ దగ్గర తోజీఖాన్ గిన్నెలో రెండు గుక్కలు పోసి మొగుడికిచ్చి, నేల చూపులు చూస్తూ అంది:

"ఏమండీ... గాడిద... బాగా తింటోందా?"

నూర్మత్ ఉస్తా చేతిలో గిన్నె ఆగిపోయింది. గాడిద? తాను అమ్మేశాడు కదా? అమ్మేశాడా? అయితే ఈవిడకి మతి పోయిందనుకోవాలి. కాని తోజీఖాన్ మరిచిపోయే మనిషి కాదు. నలభై ఐదేళ్ల కిందట పెళ్లినాడు అత్తగారన్న మాటని నిన్ననే విన్నట్టు అక్షరం పొల్లుపోకుండా చెప్పగలదు. మరి మరిచింది ఎవరు? ఉప్పు దగ్గర తుడిచిపెట్టుకుపోయినట్టే గాడిద దగ్గరా తుడిచిపెట్టుకుపోయిందా? అడిగితే దొరికిపోతాడు.

"బాగానే తింటోంది," అన్నాడు.

తోజీఖాన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చల్లారిన టీ తాగారు.

ఆ రోజు నుంచి పేటలో ఎవరు ఎదురుపడినా అదే పలకరింపు. మంగలి ఖోల్మత్ గడ్డం గీస్తూ, కత్తి గొంతు మీద ఉండగా, "గాడిద కులాసానా అన్నా?" అన్నాడు. ఆ స్థితిలో ఎవడైనా కులాసానే అంటాడు. ఎర్గష్ అయితే ఒక పచ్చగడ్డి మోపు మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలుపంత మనిషి, గొంతు మాత్రం పిచ్చుకది.

"ఉస్తా, దానికి... కాస్త గడ్డి."

"దేనికి?"

"దానికే ఉస్తా."

"ఆ. దానికే. అక్కడ పెట్టు."

ఎర్గష్ వెళ్లాక ఉస్తా పాకలోకి వెళ్లి నిలబడి చూశాడు. గూటం ఉంది, తొట్టి ఉంది, గాడిద లేదు. చెయ్యి చాపి గాలిలో తడిమాడు. ఏమీ తగల్లేదు. అయినా ఏమో, అందరికీ కనబడుతున్నది తనకొక్కడికే కనబడటం లేదేమో. మోపు విప్పి గడ్డి తొట్టిలో వేసి వచ్చాడు.

తోజీఖాన్ అది చూసింది. మేత అలాగే మిగిలిపోతే గాడిద తినడం లేదని మొగుడు బెంగపెట్టుకుంటాడని ఆమె బెంగ. ఉస్తా బజారుకి వెళ్లినప్పుడు గడ్డంతా గోనెలో కుక్కి రిసోలత్ మేకలకి వేసి వచ్చింది.

మర్నాడు తెల్లవారి ఉస్తా పాక తలుపు తీశాడు. తొట్టి నాకినట్టు ఖాళీగా ఉంది.

ఆయన గోడకి చేరగిలబడి కూలబడ్డాడు. మూడు క్యారెట్లు చాలడం లేదని ఆ క్షణాన నిశ్చయమైపోయింది. ఆ రోజు ఐదు తిన్నాడు, తర్వాత ఎనిమిది, వారం తిరిగేసరికి పన్నెండు. నములుతూ నములుతూ మనవల పేర్లు, చచ్చిపోయిన చుట్టాల పేర్లు, ఎన్ని కిలోల బియ్యానికి ఎన్ని ఉల్లిపాయలో అప్పజెప్పుకునేవాడు. అన్నీ గుర్తున్నాయి. గాడిద ఒక్కటే దొరకడం లేదు.

క్యారెట్లు ఆయన బుర్రకి ఏం చేశాయో గాని, అరచేతులకి మాత్రం చేయాల్సింది చేశాయి. పదిహేనో రోజుకి రెండు అరచేతులూ పసుపు రాసినట్టయ్యాయి. రొట్టె తుంచుతుంటే తోజీఖాన్ చూసి, నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని లేచి వెళ్లింది.

"చేతులు పచ్చబడ్డాయి పెద్దాయనా," అంది మాదమిన్ దగ్గరికి వెళ్లి. "మా నాన్నకీ చివర్లో అలాగే అయ్యింది. మతితో పాటు మనిషీ పోయేలా ఉన్నాడు."

మాదమిన్ చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే పేటలో జనం పక్కకి తప్పుకుంటారు, మునుపోసారి ఆయన ఆలోచించి కాలువ తవ్విస్తే నీళ్లు ఎగువకి పోయాయి. "లేని గాడిదకి మేత పెడితే పిచ్చి," అన్నాడు చివరికి. "ఉన్న గాడిదకి పెడితే పిచ్చేముంది? పాకలో గాడిదని కట్టేస్తే నూర్మత్‌కి పిచ్చి లేనట్టే. ఖుద్రత్‌కి కబురు పెట్టండి. విందుకి ఇంటిల్లిపాదినీ పిలిచామని చెప్పండి, నాలుగు రోజులకి గాడిదనిస్తాడు."

"మరి గరిటె?" అన్నాడు తుర్సునాలి మెల్లగా. విందు ఆయనది, మూడొందల మంది వస్తున్నారు.

"విందునాడు దీవెన చదివించి ఎర్గష్ చేతికిప్పిద్దాం. ఆయన మనసు కష్టపడకుండా చెప్పే మాట నేను చూసుకుంటా."

ఈ మాటకి అందరికంటే ఎక్కువ హడలిపోయినవాడు ఎర్గష్. "నేనా?" అన్నాడు పిచ్చుక గొంతుతో. ఎవరూ వినిపించుకోలేదు.

విందు ముందు రోజు సాయంత్రం, ఉస్తా మసీదులో ఉండగా, ఖుద్రత్ గాడిదని తెచ్చి పాకలో కట్టేసి పోయాడు.

విందునాడు పొద్దున నూర్మత్ ఉస్తా పన్నెండు క్యారెట్లు జేబుల్లో నింపుకుని పాక తలుపు తోశాడు. గాడిద తల తిప్పి చూసింది.

ఆయన అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి. మెల్లగా దగ్గరికెళ్లి చెయ్యి చాపాడు. మెడ వెచ్చగా తగిలింది. ఎడమ చెవి అంచున పాత కోత ఉంది. గాడిద పాత యజమాని వాసన పట్టి, ముట్టె జేబులో దూర్చి ఒక క్యారెట్ లాక్కుని కరకరలాడించింది.

"ఇక్కడే ఉన్నావా?" అన్నాడు ఉస్తా. "ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నావా?"

ఆయనకి అంతా అర్థమైపోయింది. అమ్మలేదు. ఎన్నడూ అమ్మలేదు. ఆ చెర్రీల నెల, ఆ బేరం, అంతా తన బుర్ర అల్లిన కల. ఇరవై రోజులు గాడిద పక్కనే నిలబడి క్యారెట్లు నమిలి, గాడిదని చూడలేకపోయినవాడు బాణలిలో ఏం చూస్తాడు? ఒక క్యారెట్ కూడా తినకుండా తలుపు బార్లా వదిలేసి బయటికొచ్చాడు. గరిటె భుజాన వేసుకుని తుర్సునాలి ఇంటికి నడిచాడు. జేబుల్లో క్యారెట్లు ఉన్నాయని ఆయనకి గుర్తు లేదు. గాడిదకి ఉంది. అది రెండు అంగలు ఎడంగా వెనకే నడిచింది.

తుర్సునాలి పెరట్లో బాణలి కింద మంట లేచింది. తెల్లవారకముందే కూచుని పేట మగాళ్లంతా సన్నగా తరిగిన నలభై కిలోల పసుపు క్యారెట్ తెల్లదుప్పటి మీద గుట్టగా పోసి ఉంది. నూనెలో మాంసం ఎర్రబడుతోంది. ఉస్తా తిన్నగా ఎర్గష్ ముందుకెళ్లి గరిటె చాపాడు.

"తీసుకో."

"ఉస్తా..."

"మా గురువు చేతిలోంచి నేను లాక్కున్నాను. నీకు ఆ పాపం వద్దు, నేనే ఇస్తున్నా. ఉప్పు వేశావో లేదో మరిచిపోతే రుచి చూడు. గాడిద కనబడకపోతే ఎవరినైనా అడుగు. నాలాగా దాచకు."

మాదమిన్ నాలుగు రోజులుగా కూర్చుకున్న మెత్తటి మాటలన్నీ వృథా అయిపోయాయి. ఎర్గష్ గరిటె అందుకున్నాడు. ఖాళీ అయిన ఉస్తా చెయ్యి కొంచెం వంగి, వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ఉండిపోయింది. అరుగు మీది ఆడవాళ్లలో తోజీఖాన్ అది చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇమాం గారు దీవెన మొదలుపెట్టారు. అందరూ అరచేతులు పైకెత్తి కళ్లు మూసుకున్నారు. ఆయన దీవెనకి పొడవని పేరు. ఒకసారి పెళ్లిలో ఆయన మొదలుపెట్టినప్పుడు పందిరి పక్క మొగ్గలేస్తున్న ఆప్రికాట్ చెట్టు, ముగించేసరికి కాయలు కాసింది.

దీవెన సగంలో కరకరమని చప్పుడు వినిపించింది.

తోజీఖాన్ గుర్తుపట్టింది. అదే చప్పుడు. పాకలో విన్నదే. ఆమె కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. ఉస్తా కూడా విన్నాడు, తన బుర్ర ఇక పగలే శబ్దాలు వినిపిస్తోందనుకున్నాడు. మిగతావాళ్లు కూడా విన్నారు. కాని దీవెన మధ్యలో కళ్లు తెరిచే అమర్యాద ఎవడు చేస్తాడు? మూడొందల మంది పేట మర్యాదకి కట్టుబడి, అరచేతులు చాపుకుని, ఆ కరకర చివరిదాకా విన్నారు.

ఆమీన్ అని మొహాలు తడుముకుని కళ్లు తెరిస్తే, తెల్లదుప్పటి నడిమధ్యన గాడిద నిలబడి ఉంది. తిన్నది తిని, తొక్కింది తొక్కి, మిగిలిన దాని మీద తోక ఆడిస్తోంది. నలభై కిలోల గుట్టలో పనికొచ్చేది పదిహేను కిలోలు మించి లేదు.

"ఓరి నా గాడిదా!" అని అరుస్తూ వెనక వరసలోంచి ఖుద్రత్ దూకాడు. యాజ్యావాన్ మనిషి, మా పేట మొహమాటం ఎరగడు.

మాదమిన్ చెయ్యడ్డం పెట్టబోయాడు గాని ఆలస్యమైపోయింది. నూర్మత్ ఉస్తా మెల్లగా తిరిగాడు.

"ఏమన్నావు? ఇంకోసారి అను."

"నా గాడిద అన్నాను ఉస్తా. మీరే కదా అమ్మింది? రెండేళ్లయింది."

"చెర్రీల నెల," అన్నాడు ఉస్తా, ఒక్కో మాటే పట్టి లాగుతున్నట్టు. "బుధవారం. వాన పడుతోంది. నువ్వు మూడో బొత్తాం లేని కోటు వేసుకొచ్చావు."

"ఇప్పటికీ లేదు, చూడండి!" అన్నాడు ఖుద్రత్ కోటు లాగి చూపిస్తూ.

ఉస్తా ఆ బొత్తాం లేని చోట వేలు పెట్టి చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "అమ్మానన్నమాట. మరి ఇది మన పాకలోకి ఎలా వచ్చింది?"

"నేనే తెప్పించాను," అంది తోజీఖాన్ ఏడుస్తూ. "మీరు లేని గాడిదకి రోజూ క్యారెట్లు పెడుతుంటే నేనేం చెయ్యను!"

"పెట్టడమేమిటే? తింటున్నాను!"

"ఎవరు?"

"నేను!"

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు గాని, రిసోలత్ మోచేత్తో పొడిచేసరికి ఊరుకున్నారు. ఉస్తాకి ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. తల దించుకుని, "నవ్రోజ్‌నాడు ఉప్పు వేశానో లేదో మరిచిపోయాను," అన్నాడు. "బుర్రకి క్యారెట్ మంచిదన్నారు. భయమేసింది, అందుకని..."

"ఒక్కసారేనా?" అన్నాడు ఎర్గష్ ఆశగా. "నాకు ప్రతిసారీ గుర్తుండదు ఉస్తా! అందుకే కదా పదిహేనేళ్లుగా మీ వెనక నిలబడి మీ చెయ్యి చూస్తున్నాను! ఇది నాకొద్దు, తీసుకోండి!"

అప్పుడు మాంసం మాడబోతున్న వాసన వచ్చింది.

"నిప్పు లాగు!" అని ఉస్తా కేకేశాడు. ఇరవై రోజుల్లో ఆయన గొంతు అంత గట్టిగా లేవలేదు. "బజారుకి పోయొస్తే గంట. మాంసం అంతసేపు ఆగదు. పాతిక కిలోలు కావాలి. తుర్సునాలీ, మీ ఇసుక గోతిలో ఎడమ మూల ఒక సంచి ఉంది, మొదటి మంచు పడ్డనాడు దింపుతుంటే తాడు తెగింది, నేనే పట్టుకున్నా. పది కిలోలు. ఖోల్మత్, నీవి ఎర్రవి, పలావుకి పనికిరావు, కూచో. రిసోలత్, నీ దగ్గర పది ఉన్నాయంటావు, ఏడే ఉన్నాయి, మూడు మీ మేకలు తిన్నాయి. మాదమిన్ అన్నా..."

"నా దగ్గర లేవు."

"అటక మీద, దుప్పట్ల పెట్టె వెనక. కోడలికి తెలీకుండా పెట్టారు. ఎనిమిది కిలోలు."

అరుగు మీది కోడలు నిటారుగా కూచుంది. మాదమిన్ గడ్డం దువ్వుకుంటూ ఆకాశం వైపు చూశాడు.

పాతిక కిలోలూ వచ్చాయి, ఇమాం గారితో సహా అందరూ తరిగారు, పలావు మధ్యాహ్నానికి దిగింది. ఉస్తా మతి గట్టిదేనని పేటంతా ఒప్పుకుంది. కాని చదివిన దీవెనని వెనక్కి చదివే వాడుక మాకు లేదు. గరిటె ఎర్గష్‌దే. ఎర్గష్ ఇమాం గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు, కుదరలేదు. బాణలి పక్కన ఒక పీట వేసి ఉస్తాని కూచోబెట్టారు.

"ఉస్తా, ఉప్పు వేశానా?" అన్నాడు ఎర్గష్ చెమటలు కక్కుతూ.

"వేశావనుకుంటా."

"అనుకోవడమేంటి ఉస్తా!"

"గరిటె నీది, భయం కూడా నీదే," అన్నాడు నూర్మత్ ఉస్తా. ఆయన కుడిచేతి వేళ్లు అప్పటికి ఒక టీ గిన్నె చుట్టూ వంగి ఉన్నాయి. నలభై ఏళ్లలో మొదటిసారి పలావు వేడిగా ఉండగానే కూచుని, ఆ వేళ్లతోనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

ఎర్గష్ మాత్రం మర్నాటి నుంచి తెల్లవారుజామున జేబులు ఉబ్బెత్తుగా పెట్టుకుని తన మేకల పాకలోకి వెళ్తున్నాడని పేటలో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

ఖుద్రత్ గాడిదని యాజ్యావాన్‌కి తోలుకుపోయాడు. నాలుగో రోజు పొద్దున అది రెండు కాలువలు, ఒక రైలుపట్టా దాటి, ఒక్కతే నడిచొచ్చి నూర్మత్ ఉస్తా పాక ముందు నిలబడింది. మళ్లీ తోలుకుపోయాడు, మళ్లీ వచ్చింది. క్యారెట్ తింటే జ్ఞాపకం పెరుగుతుందనడానికి మా పేటలో ఇప్పటిదాకా దొరికిన రుజువు అదొక్కటే.